మాడు మీద చెయ్యి: పిల్లల న్యూరోసర్జరీలో నర్స్ ప్రాక్టీషనర్ పని

యాంకర్: నమస్కారం. ఈ ఎపిసోడ్ నర్సింగ్‌లో ఉన్నవాళ్ల కోసం. తలలో షంట్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకూ పనికొస్తుంది. టెక్సాస్‌లో పిల్లల న్యూరోసర్జరీ విభాగంలో నర్స్ ప్రాక్టీషనర్‌గా చేస్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, ముందు ఒక అనుమానం తీర్చండి. ఎన్‌పీ అంటే సీనియర్ నర్సా, జూనియర్ డాక్టరా?

ఎన్‌పీ: రెండూ కాదమ్మా. బిడ్డను పరీక్ష చేస్తుంది, స్కాన్ రాస్తుంది, మందులు రాస్తుంది, కొన్ని ప్రొసీజర్లు చేస్తుంది, అయినా నర్సే. అసలు ఈ ఉద్యోగం పుట్టిందే పిల్లల వైద్యంలో. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి కోర్సు పెట్టారు.

యాంకర్: న్యూరోసర్జరీలో అయితే సర్జన్ ఉండగా ఎన్‌పీకి ఏం పని మిగులుతుంది?

ఎన్‌పీ: సర్జన్ పొద్దున ఏడున్నరకి థియేటర్‌లోకి వెళ్తే ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం. ఈలోగా వార్డు, ఐసీయూ, ఎమర్జెన్సీ, క్లినిక్, ఫోన్లు అన్నీ ఎన్‌పీ చేతిలోనే. బ్రెయిన్ ట్యూమర్లు, వెన్నుపూస సమస్యలు, తలకి దెబ్బలు కూడా వస్తాయి. కానీ రోజూ తలుపు తట్టేది మాత్రం షంట్. ఇవాళ దాని గురించే మాట్లాడదాం.

యాంకర్: షంట్ అంటే ఏంటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో.

ఎన్‌పీ: మెదడు లోపలి గదుల్లో నీరు ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో గంటకి సుమారు 20 మిల్లీలీటర్లు, పసిపిల్లల్లో ఇంకా తక్కువ. దారి మూసుకుపోతే ఆ నీరు నిలిచిపోయి గదులు ఉబ్బుతాయి. అదే హైడ్రోసెఫలస్. షంట్‌లో మూడు భాగాలు. మెదడు గదిలో ఒక సన్నటి గొట్టం, చెవి వెనక చర్మం కింద వాల్వు, అక్కడి నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి దిగే పొడుగు గొట్టం. పొట్టలో చేరిన నీటిని ఒళ్లే పీల్చుకుంటుంది. 1956లో అమెరికాలో పెట్టిన స్పిట్జ్-హోల్టర్ వాల్వును తయారుచేసిన జాన్ హోల్టర్ డాక్టరు కూడా కాదు, మెషిన్ పనివాడు. కొడుక్కి హైడ్రోసెఫలస్ వస్తే కూర్చుని చేశాడు.

యాంకర్: అప్పటి నుంచి ఇన్నేళ్లయింది. ఇంకా పాడవుతూనే ఉందా?

ఎన్‌పీ: అదేనమ్మా బాధ. పిల్లల్లో కొత్తగా పెట్టిన షంట్లలో సుమారు 40 శాతం మొదటి ఏడాదిలోనే మొరాయిస్తాయి, రెండేళ్లకి సగం. ఎక్కువగా పైన, మెదడులో ఉన్న కొస మూసుకుపోతుంది. ఆ కొసకి చిన్న చిన్న చిల్లులుంటాయి. నీటిని తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్ అనే కుచ్చులాంటి కణజాలం వాటిలోకి పెరిగిపోతుంది. కింద భాగం బిడ్డ పొడుగయ్యే కొద్దీ లాక్కుపోయి మెడ దగ్గర విరుగుతుంది, లేదా కనెక్టర్ దగ్గర ఊడుతుంది. ఇన్‌ఫెక్షన్ అయితే ఎక్కువగా సర్జరీ అయిన ఆరు నెలల లోపే బయటపడుతుంది.

యాంకర్: సరే, ఫోన్ మోగింది. "నాలుగేళ్ల బాబు, పొద్దుటినుంచి రెండు వాంతులు, షంట్ ఉంది" అంటోంది తల్లి. మొదట ఏం అడగాలి?

ఎన్‌పీ: లేపితే లేస్తున్నాడా అని. మత్తుగా ఉన్నాడు, పిలిచినా పలకట్లేదు అంటే ఇంకో ప్రశ్న అక్కర్లేదు. 911కి ఫోన్ చేయమనాలి, వాళ్ల కారులో బయల్దేరమనకూడదు. లేచి మాట్లాడుతున్నాడంటే అప్పుడు మిగతావి. విరేచనాలున్నాయా? ఇంట్లో అన్నకో చెల్లికో ఇదే ఉందా? ఉంటే కడుపులో తేడా అయ్యుండొచ్చు. విరేచనాల్లేకుండా పొద్దున లేవగానే వాంతి, దాంతోపాటు తలనొప్పి అంటే షంట్‌నే అనుమానించాలి. ఆఖరి సర్జరీ ఎప్పుడు? రెండు నెలల క్రితం అయి జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కాదని తేలేదాకా ఇన్‌ఫెక్షనే. మూడేళ్ల నాటి షంట్, జ్వరం, ముక్కు కారడం అయితే ముందు చెవి, గొంతు చూడమంటాం. ఇక అన్నిటికంటే విలువైన ప్రశ్న చివర్లో: "పోయినసారి షంట్ పాడైనప్పుడు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడా?"

యాంకర్: తల్లి అవునంటే?

ఎన్‌పీ: తీసుకురమ్మనాలి. స్కాన్ బాగుందని వచ్చినా ఆ మాటని చార్టులో రాసిపెట్టుకోవాలి. ఒకే బిడ్డలో షంట్ ఎన్నిసార్లు పాడైనా లక్షణాలు చాలావరకు ఒకేలా వస్తాయి. ఒకరికి వాంతి, ఒకరికి మెడ నొప్పి, ఇంకొకరికి చేతిరాత పాడవుతుంది. ఆ తేడాని ముందు పట్టేది ఇంట్లోవాళ్లే. కొత్తగా చేరిన ఎన్‌పీ పుస్తకంలోని పట్టిక పట్టుకుని తల్లి మాటని పక్కనపెడితే అక్కడే దెబ్బతింటుంది.

యాంకర్: పసిపిల్లలైతే? తలనొప్పి అని వాళ్లు చెప్పలేరు కదా.

ఎన్‌పీ: మాడు మీద చెయ్యి పెట్టడమే. బిడ్డని కూర్చోబెట్టి, ఏడుపు ఆగాక చూడాలి. పడుకోబెట్టి ఏడుస్తుండగా చూస్తే ఎవరి మాడైనా ఉబ్బినట్టే ఉంటుంది. తర్వాత టేపు. కనుబొమ్మల పైనుంచి తల వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా మూడుసార్లు కొలిచి ఎక్కువొచ్చినది రాస్తాం. మొదటి మూడు నెలల్లో తల నెలకి సుమారు 2 సెంటీమీటర్లు, ఆరు నెలల దాకా ఒకటి, ఏడాది దాకా అర సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్క కొలత చూసి ఏమీ తేల్చలేం, చార్టులో గీత ఎటు పోతోందో చూడాలి. కళ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనిపిస్తుంటే, నెత్తి మీద నరాలు తేలితే ఆగకూడదు. గుండె వేగం తగ్గి బీపీ పెరిగిందంటే ఇంకా చూద్దామనే టైమ్ దాటిపోయినట్టు. అప్పటికప్పుడు మెదడు ఒత్తిడి తగ్గించే 3 శాతం సెలైన్ బిడ్డ బరువులో కిలోకి 2 నుంచి 5 మిల్లీలీటర్లు, సర్జన్‌కి ఫోన్, థియేటర్ రెడీ, మూడూ ఒకేసారి జరగాలి.

యాంకర్: అంత ఎమర్జెన్సీ కాకపోతే స్కాన్‌తో తేలిపోతుందా?

ఎన్‌పీ: ఫాస్ట్ ఎంఆర్ఐ తీస్తాం. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు. గొట్టం విరిగిందేమో చూడ్డానికి తల నుంచి పొట్ట దాకా ఎక్స్‌రేలు. చిక్కెక్కడంటే, ఆ ఎంఆర్ఐని పాత ఎంఆర్ఐ పక్కన పెట్టుకుని చూడాలి, అది కూడా బిడ్డ బాగున్నప్పుడు తీసినదై ఉండాలి. ఇంకో సంగతి, కొందరు పిల్లల్లో మెదడు గదులు గట్టిపడిపోయి ఎంత ఒత్తిడి ఉన్నా ఉబ్బవు. రిపోర్టులో "మార్పు లేదు" అని ఉంటుంది, బిడ్డ మాత్రం మత్తుగా ఉంటాడు. అప్పుడు షంట్ ట్యాప్, అంటే షంట్‌లోకి సూది గుచ్చి ఒత్తిడి చూడటం.

యాంకర్: అది ఎన్‌పీ చేస్తుందా? వరుసగా చెప్పండి.

ఎన్‌పీ: శిక్షణ పొంది, ఆస్పత్రి ప్రివిలేజ్, అంటే ఆ పనికి అనుమతి, ఇస్తే చేస్తుంది. టైమ్ ఉంటే చర్మం మీద మత్తు క్రీము ముందే రాయాలి. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, చర్మం కింద సూది గుచ్చడానికే ఉండే చిన్న బుడగలాంటి రిజర్వాయర్ ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. వాల్వు మెకానిజంలో గుచ్చకూడదు, అది వేరు, రిజర్వాయర్ వేరు. పాత ఎక్స్‌రే తెరిచి ఏ వాల్వో చూసుకోకుండా సూది పట్టుకోవద్దు. క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. 25 లేదా 23 గేజ్ బటర్‌ఫ్లై సూది, దాని గొట్టం నిలువుగా పైకి పట్టుకోవాలి. నీరు దానంతటదే ఎక్కుతుంది. చెవి మట్టం నుంచి ఎన్ని సెంటీమీటర్లు ఎక్కిందో స్కేలుతో కొలవాలి. 20, 25 దాటితే వాల్వు దగ్గరో దాని కిందో అడ్డు ఉందని. చుక్క కూడా రాకపోతే పై కొస మూసుకుపోయిందని అనుమానం. అప్పుడు సిరంజి పెట్టి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. ఆ లాగుడికి కోరాయిడ్ ప్లెక్సస్ చిల్లుల్లోకి ఇంకా వచ్చి కూర్చుంటుంది.

యాంకర్: వచ్చిన నీరు ల్యాబ్‌కి వెళ్తుంది.

ఎన్‌పీ: కణాల లెక్క, గ్లూకోజు, ప్రొటీను, క్రిములకి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్, వాటిని పెంచి చూసే కల్చర్. కల్చర్‌ని 14 రోజులు ఉంచమని రాయాలి. క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమి నింపాదిగా పెరుగుతుంది, ఐదు రోజులకే పారేస్తే నెగెటివ్ అని మోసపోతాం.

యాంకర్: చెవి వెనక బుడిపెను నొక్కి షంట్ పనిచేస్తోందో లేదో చెప్పేస్తామంటారు కొందరు.

ఎన్‌పీ: నమ్మదగ్గ పరీక్ష కాదు. ఇంట్లో అసలు నొక్కొద్దు.

యాంకర్: ప్రోగ్రామబుల్ వాల్వు అంటారే, అది ఏంటి?

ఎన్‌పీ: బయట నుంచి అయస్కాంతంతో సెట్టింగ్ మార్చే వాల్వు. స్ట్రాటా అనే రకంలో 0.5 నుంచి 2.5 దాకా ఐదు మెట్లు. సెర్టాస్ ప్లస్ అనే రకంలో ఎనిమిది, అది 3 టెస్లా బలం ఉన్న ఎంఆర్ఐ అయస్కాంతానికి తట్టుకునేలా చేశారు. స్ట్రాటా ఉంటే మాత్రం ఎంఆర్ఐ అయ్యాక సెట్టింగ్ చూడకుండా ఇంటికి పంపకూడదు. మారిన సంగతి ఎవరికీ తెలియక రెండు రోజులకి తలనొప్పితో తిరిగొస్తారు. ఇంట్లో అయస్కాంతాలూ అంతే. 2012లో మిచిగన్ యూనివర్సిటీవాళ్లు ఐప్యాడ్ 2తో పరీక్షించారు. సెంటీమీటరు లోపు దూరంలో సగానికి పైగా వాల్వుల సెట్టింగులు మారాయి, 5 సెంటీమీటర్లు దాటితే ఒక్కటీ మారలేదు. అంటే టాబ్లెట్ చూడొచ్చు, తలకింద పెట్టుకుని పడుకోకూడదు.

యాంకర్: ఇన్‌ఫెక్షన్ అయితే ఆ షంట్‌ను తీసేస్తారు కదా?

ఎన్‌పీ: తీసేసి, బయటికి డ్రెయిన్, అంటే నీరు పోయే గొట్టం, పెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, నీరు శుభ్రపడ్డాక కొత్తది. ఆ డ్రెయిన్ ఉన్న రోజుల్లో మట్టమే ప్రాణం. మన మేస్త్రీ రసమట్టం పెట్టినట్టే ఇక్కడా. చెవి రంధ్రం ముందు ఉండే చిన్న బుడిపె ఎత్తు దగ్గర సున్నా, అక్కడి నుంచి ఆర్డరు ప్రకారం, ఉదాహరణకి 10 సెంటీమీటర్ల పైన, నీరు పడే చాంబర్. ఎవరో మంచం ఎత్తు పెంచారనుకో, తల పైకి పోయింది, చాంబర్ అక్కడే ఉంది. నీరు ధారగా పోతుంది. మెదడు కుంగి, పైన రక్తం చేరే ప్రమాదం. మంచం దించితే అసలు కారదు. అందుకే బిడ్డని ఎత్తుకునే ముందు, పాలు పట్టే ముందు క్లాంప్ వేయాలి, అయిపోయాక మట్టం చూసుకుని తెరవాలి. తెరవడం మర్చిపోవడం కూడా మామూలే. అందుకే వేసిన టైమ్ చీటీ మీద రాసి చాంబర్‌కే అంటిస్తే మంచిది.

యాంకర్: గంటగంటకీ వచ్చేది ఒక్కసారి సున్నా అయితే?

ఎన్‌పీ: క్లాంప్, గొట్టంలో మడత, మట్టం, ఆ తర్వాత చాంబర్ పైనున్న గాలి ఫిల్టరు చూడాలి. చాంబర్ పక్కకి పడి ఆ ఫిల్టరు తడిస్తే లోపలికి గాలి వెళ్లదు, నీరు ఆగిపోతుంది. అందరూ గొట్టం వెతుకుతుంటారు, దోషం ఫిల్టరుది. అవన్నీ బాగుంటే చాంబర్‌ని ఒక్క క్షణం దించి చుక్క పడుతుందేమో చూసి ఎన్‌పీని పిలవాలి. పసిబిడ్డల్లో ఇంకొకటి, ఆ నీటితో సోడియం కూడా పోతుంది. నిర్ణయించిన లెక్క దాటితే మిల్లీలీటరుకి మిల్లీలీటరు నార్మల్ సెలైన్ ఎక్కించాలి.

యాంకర్: ఇప్పుడు మనవాళ్ల ఇళ్ల సంగతి. సర్జరీ అయిన పిల్లల మాడుకి అమ్మమ్మలు నూనె పెడతారు.

ఎన్‌పీ: కుట్లు పూర్తిగా మానేదాకా ఆ దరిదాపుల్లో నూనె, పసుపు, విబూది ఏదీ వద్దు. దిష్టి బొట్టు బుగ్గన పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పుట్టువెంట్రుకలు ఇంకో పెద్ద విషయం. తిరుపతిలో కత్తితో గీస్తారు. వాల్వు మీద చర్మం పల్చగా, ఎత్తుగా ఉంటుంది, కత్తికి సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగిన చోటి నుంచి క్రిమి వాల్వుకి చేరితే మళ్లీ సర్జరీ. మొక్కు మానేయమనడం లేదు. గాయం మానాక, సర్జన్ సరేనన్నాక వెళ్లండి, చెవి వెనక మాత్రం క్లిప్పర్‌తో తీయమనండి, మంగలికి బుడిపె ముందే చూపించండి. ఇంకా, మలబద్ధకం. పొట్ట బిగుసుకుంటే కింద ఒత్తిడి పెరిగి నీరు దిగడం మందగిస్తుంది. అన్నంలోకి కూర తగ్గిందేమో కూడా అడుగుతాం.

యాంకర్: చదువు సంగతి గబగబా.

ఎన్‌పీ: బీఎస్సీ నర్సింగ్, రిజిస్ట్రేషన్, పిల్లల ఐసీయూలో కొన్నాళ్లు పని, తర్వాత మాస్టర్స్ లేదా డాక్టరేట్, పిల్లల అక్యూట్ కేర్ సర్టిఫికేషన్ పరీక్ష. అరిజోనాలో సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చు. టెక్సాస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పంద పత్రం ఉండాలి. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తెచ్చింది, తెలంగాణలో మిడ్‌వైఫరీ, అంటే ప్రసూతి సేవల, వైపు కదిలింది. షంట్ పిల్లలకీ అలాంటి మనిషి అక్కడ చాలా అవసరమని నా ఉద్దేశం.

యాంకర్: సెలవులకి ఇండియా వెళ్లే కుటుంబాలకి ఏం ఇచ్చి పంపుతారు?

ఎన్‌పీ: ఒక కార్డు. వాల్వు కంపెనీ, మోడల్, ఇప్పటి సెట్టింగ్, ఏ వైపు ఉంది, ఆఖరి సర్జరీ తేదీ, మా నంబరు. బాగున్నప్పుడు తీసిన ఎంఆర్ఐ పెన్‌డ్రైవ్‌లో. ప్రోగ్రామర్ యంత్రం కంపెనీకొక రకం. అందుకే అక్కడ ఎంఆర్ఐ తీయాల్సి వస్తే, ఆ కంపెనీ ప్రోగ్రామర్ దగ్గర్లో ఎవరి దగ్గరుందో కనుక్కున్నాకే తీయించుకోమంటాం. మరీ ఎమర్జెన్సీ అయితే స్కాన్ ఆపొద్దు, సెట్టింగ్ తర్వాత చూసుకోవచ్చు.

యాంకర్: కార్డు ఫొటో ఫోన్‌లో ఉంటే సరిపోదా?

ఎన్‌పీ: అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఫోన్ ఆఫ్ అయిపోతే? లామినేట్ చేయించి బిడ్డ పాస్‌పోర్ట్ కవర్లో పెట్టండి. ఇంకో కాపీ అమ్మమ్మ వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద.

యాంకర్: అయస్కాంతంతోనా?

ఎన్‌పీ: టేపుతో అంటించమ్మా.