సాయంత్రం క్లాసులో అమ్మాయిలు ఎందుకు లేరు? ఒక హెడ్‌మిస్ట్రెస్ డైరీ కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం అండి. ఈరోజు మనతో పల్నాడు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేస్తున్న ఒక మేడమ్ ఉన్నారు, ఫిజికల్ సైన్స్ కూడా చెప్తారు. పిల్లల సంగతులు వస్తాయి కాబట్టి తన పేరు, ఊరి పేరు వద్దన్నారు. మేడమ్, మీరు రోజూ స్కూలయ్యాక డైరీ రాస్తారంట కదా, అమ్మాయిలకీ అబ్బాయిలకీ మీకు తెలియకుండానే చూపించే తేడా అందులోనే బయటపడిందంట, దాంతోనే మొదలెడదామా?

మేడమ్: డైరీ అంటే పెద్దదేం కాదమ్మా, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. లాంగ్ బెల్ కొట్టాక పిల్లలు వెళ్లిపోతారు కదా, అప్పుడు ఓ పావుగంట కూర్చుంటాను. ఇవాళ ఎవరికి ఏ పని చెప్పాను, ఎవర్ని ఏ మాట అన్నాను, అంతే. ఎందుకన్నానో మాత్రం రాయను. ఎందుకు అని మొదలెడితే మనల్ని మనమే వెనకేసుకొస్తాం, ఇక ఆ పేజీ దేనికీ పనికిరాదు.

హోస్ట్: ఇది ట్రైనింగ్‌లో చెప్పిందేనా?

మేడమ్: రిఫ్లెక్టివ్ ప్రాక్టీస్ అనే మాట అక్కడే విన్నాను. డొనాల్డ్ షోన్ అని అమెరికాలో ఒకాయన 1983లో దీని మీద పుస్తకం రాశారు, పని చేస్తూనే ఆలోచించుకోవడం ఒకటి, పనైపోయాక వెనక్కి తిరిగి చూసుకోవడం ఒకటి అని. నాకు రెండోదే కుదిరింది. స్కూల్ నడుస్తుంటే ఎక్కడమ్మా తీరిక, ఒకపక్క భోజనాలు, ఒకపక్క యాప్‌లో ఫోటోలు ఎక్కించడం.

హోస్ట్: మొదట్లో ఏం కనబడింది అందులో?

మేడమ్: మొదటి వారమే ఎంఈవో గారు, అంటే మండల విద్యాశాఖాధికారి, వచ్చారు. ఆ పేజీ ఉంది, చదువుతాను. "పూలు ఇవ్వడానికి నలుగురు అమ్మాయిలు. టీ ఇవ్వడానికి ఇద్దరు అమ్మాయిలు. బియ్యం బస్తాలు దించడానికి తొమ్మిదో తరగతి అబ్బాయిలు ఆరుగురు, లెక్కల పీరియడ్‌లోంచి పిలిపించాను." రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు తెలుసా. శనివారం నా ఫ్రెండ్‌కి ఫోన్‌లో చదివి వినిపిస్తాను, తనూ హెచ్ఎంయే, తను ఒకటే అడిగింది, "ఆ టీ అబ్బాయిలు ఇస్తే ఏమయ్యేది?" అని. ఏమీ అయ్యేది కాదు. ఆ ఆరుగురికి లెక్కల క్లాసు పోయిందే, దానికి ఇంకా బాధేసింది. జెండర్ అనగానే అమ్మాయిల సంగతే అనుకుంటాం గానీ మగపిల్లాడి చదువు కూడా పోతుంది దీంట్లో.

హోస్ట్: మరి మీ క్లాసులో?

మేడమ్: అక్కడ ఇంకా ఘోరం. పదో తరగతి, కరెంటు పాఠం, ఓమ్ నియమం ప్రయోగం. నాలుగు గ్రూపులు చేశాను, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిపే వేశాను, బాగానే చేశాననుకున్నా. సాయంత్రం రాయడానికి కూర్చుని ఒక్కో టేబులూ గుర్తు తెచ్చుకుంటే నాలుగింట్లోనూ అమ్మీటరు, వైర్లు అబ్బాయి చేతిలో, రీడింగులు రాసేది అమ్మాయి. "నీ రైటింగ్ బాగుంటుంది, నువ్వు రాయమ్మా" అన్నది ఎవరనుకున్నారు, నేనే. పొగిడాననుకున్నాను కూడా. మర్నాడు మళ్లీ అదే ప్రయోగం పెట్టించి చేతులు మార్పించాను, ఒక పిల్ల సర్క్యూట్ కలిపి ముల్లు కదలగానే "మేడమ్, కదిలింది!" అని అరిచింది, ఐదేళ్లుగా మా స్కూల్లో చదువుతోంది, గొంతు వినడం నాకదే మొదలు.

హోస్ట్: స్టాఫ్ ఏమన్నారు వీటికి?

మేడమ్: ఒకరిద్దరు "ఇవన్నీ అవసరమా మేడమ్" అన్నారు, అననివ్వండి. నేను చూసింది నా పనుల పంపకం. వార్షికోత్సవం, ముగ్గులు, డాన్సులు లేడీ టీచర్లకి, గ్రాంటు, బిల్లులు, బ్యాంకు పని మగ టీచర్లకి. ఆడదాన్నై ఉండి ఇలా పంచింది నేనే. తర్వాత సీనియారిటీ ప్రకారం ఇన్‌ఛార్జి హెచ్ఎం బాధ్యత ఒక లేడీ టీచరుకి రావాల్సొస్తే ఆవిడే "నాకు బిల్లులవీ రావండి" అని వద్దంటుంది. రాకుండా చేసింది మనం కదా. ఈ ఏడాది క్యాష్‌బుక్ మా తెలుగు మేడమ్ గారు రాస్తున్నారు, నెల రోజుల్లో నేర్చేసుకున్నారు.

హోస్ట్: కమిటీ మీటింగుల సంగతి కూడా చెప్తానన్నారు.

మేడమ్: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తమ్మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా దగ్గర కాగితం మీద ఉన్నారు. మీటింగుకి మాత్రం వాళ్ల ఆయనలొస్తారు, రిజిస్టర్ ఇంటికి పట్టుకెళ్లి సంతకం పెట్టించుకొస్తారు, సంతకం ఆవిడది మాట ఆయనది. ఆడవాళ్లకి పట్టదులే అనుకునేదాన్ని. డైరీలో టైము రాశాక తెలిసింది, నేను మీటింగ్ పెట్టేది పొద్దున 11 గంటలకి, మిరపకోతల రోజుల్లో ఆ టైముకి ఏ తల్లి ఊళ్లో ఉంటుంది చెప్పండి? ఇప్పుడు సాయంత్రం ఏడింటికి పెడుతున్నాం, వస్తున్నారు.

హోస్ట్: ఇందాక మైకు పెట్టకముందు ఏదో అన్నారు, ఇంకా తేలని విషయం ఒకటుందని.

మేడమ్: అవునమ్మా, సాయంత్రం స్టడీ అవర్. పదో తరగతి పరీక్షల ముందు అబ్బాయిల్ని ఆరున్నర దాకా కూర్చోబెట్టి చదివిస్తాం. పక్క ఊరి నుంచి వచ్చే అమ్మాయిలు పద్నాలుగు మంది, చీకటి పడుతుందని నాలుగున్నరకే పంపించేసేదాన్ని. ఏళ్ల తరబడి చేశాను, మంచే చేస్తున్నాననుకుని, ఎందుకంటే దారిలో ఏదైనా అయితే నన్నే అడుగుతారు, ఆ భయం నిజమే. కానీ రోజుకి రెండు గంటల చదువు వాళ్లకి తక్కువ చేస్తున్నానని పేజీలో అంకె వేసుకునేదాకా తట్టలేదు. పోనీ పొద్దున ఏడింటికి క్లాసు పెడితే? పెట్టాను. ఆ టైముకి నీళ్లు పట్టడం, తమ్ముళ్లని తయారుచేయడం, సగం మంది రాలేదు. చివరికి కమిటీలో అడిగితే ఒక తల్లి లేచి, "నాలుగున్నరకి పంపిస్తే ఇంటికొచ్చి చదువుతుందనుకున్నారా మేడమ్, అంట్లు తోముతుంది" అంది. ఆ మాటకి ఎవరం మాట్లాడలేకపోయాం.

హోస్ట్: తర్వాత?

మేడమ్: ఆ తల్లులే ఒక ఆటో మాట్లాడారు, ఆరున్నరకి. డ్రైవరు కూతురు మా ఎనిమిదో తరగతే. రోజూ ఒక టీచరు బండి మీద వెనకాల ఊరి దాకా వెళ్లొస్తారు, వంతులు వేసుకున్నాం, నా వంతు మంగళవారం. నిన్నటి పేజీ చదవనా? "ఆటో ఎక్కినవాళ్లు పదకొండు మంది. రానివాళ్లు ముగ్గురు. రేపు వాళ్లిళ్లకి నేనే వెళ్లాలి."

హోస్ట్: అంటే ఈరోజే కదా?

మేడమ్: ఇది అవగానే బయల్దేరతాను. అందులో ఒక పిల్ల వాళ్లమ్మ కోతకెళ్తుంది, ఏడు దాటితేగానీ ఇంటికి రాదు, అప్పటిదాకా గుమ్మంలోనైనా కూర్చుంటాను.