పైకప్పు లేని కారు, మెలిపెట్టిన అగ్గిపెట్టె

మిత్రులారా, కారు సంగతికి ముందు అగ్గిపెట్టె సంగతి. దాని పై తొడుగును రెండు కొసలా పట్టుకుని మెలిపెట్టి చూడండి. ఉత్త అట్టే అయినా గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు ఒక అంచు వెంట పొడవునా బ్లేడుతో కోసి మళ్లీ మెలిపెట్టండి. చేతిలో మెత్తగా తిరిగిపోతుంది. అట్ట ఏమీ తగ్గలేదు, మూసి ఉన్న గొట్టం తెరుచుకుంది, అంతే. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని ఇలా నిలువునా చీలిస్తే మెలికకు ఎదురునిలిచే గట్టిదనం వెయ్యో వంతు కూడా మిగలదు.

కారు బాడీ కూడా అలాంటి మూసిన పెట్టే, పైకప్పు తీసేస్తే అది తెరుచుకుంటుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మాజ్డా చూపించిన ఎంఎక్స్-5 అనే చిన్న కారుకి పైకప్పు గుడ్డది. ఉక్కు కప్పు మోయవలసిన బరువంతా తలుపుల కింద పొడవునా సాగే సిల్‌లనే బోలు ఉక్కు పెట్టెల మీద, నేల మధ్యలో ఉబ్బెత్తుగా సాగే సొరంగం మీద పడుతుంది. ఒక చక్రం గుంతలో పడగానే అద్దం చట్రం వణుకుతుంది, తలుపు కిర్రుమంటుంది. స్ప్రింగుల లెక్కంతా బాడీ కదలదన్న నమ్మకంతో వేసినది. బాడీయే స్ప్రింగైతే, దానికి ఊపును అణచే డ్యాంపర్ కూడా లేకపోతే, ఆ లెక్క ఎలా నిలుస్తుంది? 1993లో 1.8 లీటర్ల ఇంజన్ పెట్టినప్పుడు మాజ్డాయే అదనపు ఊతకడ్డీలు చేర్చింది.

అయినా కడ్డీలు కొనే ముందు సిల్‌లు చూడండి. పైకప్పు మీద పడిన వాన సీట్ల వెనక ఉన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు అడ్డుపడితే నీళ్లు సిల్‌లో నిలిచి లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రానికి కాస్త ముందు, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనకుండా మొద్దుగా పలికితే అనుమానించవలసిందే. అక్కడ మీ దగ్గరున్నది కోసేసిన అగ్గిపెట్టె. కొత్త రేకుతో ఆ పెట్టెను మళ్లీ మూయనిదే ఏ కడ్డీ పెట్టినా డబ్బు దండగ.

ఆ తర్వాత నేల కింది రెండు పట్టాలు. పలుచని రేకు, పైగా ఎవరో ఒకరు వాటికే జాకీ ఆనించి నొక్కేసి ఉంటారు. వాటి మీదుగా మందపాటి ఉక్కు తొడుగు బిగిస్తే ఖర్చుకు తగిన ఫలం దక్కుతుంది. వెల్డింగ్ చేసేటప్పుడు కారు సమతలంగా, సస్పెన్షన్ మీదే నిలబడి ఉండాలి. వంకరగా ఆనించి అతికితే ఆ వంకర జన్మంతా ఉండిపోతుంది. ఇక్కడ ఒక అంగుళం అతికి, అవతలి వైపు ఒక అంగుళం అతికి, మధ్యలో చల్లారనివ్వాలి. తలుపు సందు చూసుకుంటూ సాగాలి.

బానెట్ కింద రెండు ముందు సస్పెన్షన్ల పైకొసలను కలిపే తళతళలాడే అడ్డకడ్డీ మాటేమిటని అడుగుతారు. టయోటా ఏఈ86 అనే కారులో ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే చక్రాన్ని పట్టి నిలిపే నిలువు స్తంభం. మలుపులో పక్కబలం కొంత దాని పైకొసకు చేరుతుంది కాబట్టి అక్కడ అర్థముంది. ఈ ఎంఎక్స్-5లో నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్‌లే, అంటే పైనొకటి, కిందొకటి చొప్పున రెండేసి చేతులు. ఆ బలం బాడీ కింద బిగించిన ఉక్కు చట్రం, సబ్‌ఫ్రేమ్‌లోకే పోతుంది. అందానికైతే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక ముందుమూలను జాకీతో లేపి, తలుపు వెనక సందులో ఎన్ని పోస్టుకార్డులు పడుతున్నాయో చూడండి. నేల మీద ఎన్ని, జాకీ మీద ఎన్ని, రెండూ రాసుకోండి. పని అయ్యాక అదే చోట జాకీ పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కల మధ్య తేడా ఎంత తగ్గితే బాడీ అంత గట్టిపడినట్టు.