పొట్టి బ్యారెల్, మ్యాగ్నమ్ తూటా: చేతిలో నిజంగా ఏం జరుగుతుంది?

[దృశ్యం: చెక్క బల్ల. దూరంగా మట్టి గట్టు. సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరిచి పెట్టిన చిన్న రివాల్వర్, పక్కన వరసగా ఐదు తూటాలు.]

నమస్కారం అండీ. డల్లాస్ ఊరి బయట ఒక ఔట్‌డోర్ షూటింగ్ రేంజ్‌లో ఉన్నాను. బల్ల మీద ఉన్నది రూగర్ ఎస్‌పీ101. బ్యారెల్ 2.25 అంగుళాలు, అంటే నా చూపుడు వేలి కంటే పొట్టి. బరువు సుమారు 740 గ్రాములు. పట్టేవి ఐదే తూటాలు. ఈ ఐదూ .357 మ్యాగ్నమ్.

[దృశ్యం: ఒకే ఒక్క తూటా పేలుతుంది. స్లో మోషన్‌లో గొట్టం ముందు నారింజ రంగు మంట.]

చూశారా ఆ మంట? పట్టపగలు, ఎండలో. మొదటిసారి దీన్ని కాల్చినవాళ్లలో నవ్వని మనిషిని నేను చూడలేదు. రెండో తూటాకి ఆ నవ్వు కాస్త తగ్గుతుంది. ఐదోదానికి చేయి దులుపుకుంటారు. ఈ వీడియో ఆ మొదటి తూటాకీ ఐదో తూటాకీ మధ్య ఏం జరుగుతుందన్నదాని గురించి.

అంతకన్నా ముందు మన అమెరికా తెలుగువాళ్లకి ఒక మాట, దయచేసి దాటేయకండి. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ వీసా లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇబ్బందుల్లో పడేస్తుంది. మినహాయింపులున్నాయి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ అందులో ఒకటి. "అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు, సరదాగా ఒకసారి కాల్పిద్దాం" అనుకునేవాళ్లు చాలామంది. కౌంటర్ దగ్గర ఎవరూ అడగలేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు. ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు కోసం పదేళ్లు ఎదురుచూసే మనిషి ఒక సరదా మధ్యాహ్నం కోసం దాన్ని పణంగా పెట్టకూడదు.

[దృశ్యం: రెండు తూటాలు పక్కపక్కన. ఒకటి కొంచెం పొడుగు.]

ఇక మ్యాగ్నమ్ సంగతి. ఎడమ వైపుది .38 స్పెషల్, కుడి వైపుది .357 మ్యాగ్నమ్. పేర్లు వేరుగా ఉన్నా బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరి వెళ్లే ముక్క, లావు దాదాపు ఒకటే. 1935లో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కలిసి ఈ మ్యాగ్నమ్‌ని తెచ్చినప్పుడు కేసు పొడవుని, అంటే మందునీ బుల్లెట్‌నీ పట్టి ఉంచే తొడుగు పొడవుని, సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెంచారు. ఎందుకంటే పాత .38 తుపాకీలో ఎవరైనా పొరపాటున ఇది పెడితే తుపాకీ తట్టుకోలేదు; పొడుగు పెంచితే అందులో అసలు పట్టదు. .38 స్పెషల్‌కి అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, మ్యాగ్నమ్‌కి 35,000. రెట్టింపు దాటింది. అందుకే .357 తుపాకీలో .38 కాల్చుకోవచ్చు, .38 తుపాకీలో .357 కాల్చకూడదు.

మొదట్లో ఈ తూటాకి పొడుగు బ్యారెళ్లు ఎక్కువ. అయినా పొట్టి మోజు కొత్తదేం కాదు. అమెరికా సైన్యాధికారి, తర్వాత జనరల్ అయిన ప్యాటన్ 1935లోనే మూడున్నర అంగుళాల బ్యారెల్‌తో, దంతపు పిడితో ఒకటి కొనుక్కున్నాడు.

మరి పొట్టి చేస్తే ఏమవుతుంది? ప్రెజర్ దిగకముందే కుక్కర్ మూత తీశారనుకోండి. లోపలిదంతా ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ఇక్కడా అంతే. మందు కాలి పుట్టిన వాయువు బుల్లెట్‌ని తోస్తూ ఉంటుంది. బ్యారెల్ పొడుగైతే ఇంకాసేపు తోస్తుంది. రెండు అంగుళాల్లో బ్యారెల్ అయిపోతే, ఒత్తిడి ఇంకా బాగా ఉండగానే బుల్లెట్ బయటపడుతుంది, వెనకే ఆ వేడి వాయువు బయటి గాలి తగిలి భగ్గుమంటుంది. మీరు చూసిన మంట అదే. 158 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) బుల్లెట్ నాలుగు అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో వెళ్తే, ఇందులోంచి సుమారు వెయ్యి, కాస్త అటూ ఇటూ. తూటాని బట్టి మారుతుంది. అంటే వేగం తగ్గింది, చప్పుడూ మంటా పెరిగాయి. నా మటుకు నాకు పొట్టి మ్యాగ్నమ్ గురించి అందరికీ ముందు చెప్పాల్సిన నిజం ఇదే.

ఆ చప్పుడుకి చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు, రెండూ కావాలి. ఇండోర్ రేంజ్‌లో అయితే ఆ అదురు పక్క లైన్‌లో ఉన్నాయన ఛాతీకి కూడా తగులుతుంది. ముందే ఒక మాట చెప్పి కాల్చండి.

[దృశ్యం: తుపాకీని స్టాండ్‌కి బిగించి, సిలిండర్ పక్కన తెల్ల కాగితం. తూటా పేలాక కాగితం మీద నల్లటి చీలిక.]

సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. అందులోంచి కూడా వేడి వాయువు పక్కలకి కొడుతుంది. కాగితం ఏమైందో చూశారుగా. సిలిండర్ ఉండని పిస్టల్ అలవాటున్నవాళ్లు బొటనవేళ్లు ముందుకి చాచి పట్టుకుంటారు. రివాల్వర్‌లో ఆ పట్టు వద్దు. బొటనవేలు ఒకటి రెండోదాని మీద మడిచి, సిలిండర్‌కి వెనకే ఉంచండి.

ఇప్పుడు తన్ను సంగతి. అదే తూటాని సుమారు 480 గ్రాములుండే రూగర్ ఎల్‌సీఆర్‌లో పెట్టి కాల్చితే అరచేతి మీద బెత్తంతో కొట్టినట్టు ఉంటుంది. తూటా అదే, తుపాకీ తేలిక, కాబట్టి అది చేతిలోకి ఇంకా వేగంగా వస్తుంది. బ్యారెల్ చేతికి పైన ఉంటుంది కాబట్టి తుపాకీ వెనక్కి రావడమే కాదు, మూతి పైకి లేస్తుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం ఒరుసుకుపోతుంది. సన్నటి చెక్క పిడి చూడ్డానికి అందం. కాల్చడానికి మాత్రం వెనక భాగం కూడా కప్పే రబ్బరు పిడి వేసుకోండి. జేబులో పెట్టుకోవడానికి తేలిక తుపాకీ, సాయంత్రం దాకా కాల్చడానికి బరువు తుపాకీ.

నొప్పి కంటే పెద్ద సమస్య ఉలికిపాటు. దీని దగ్గర కాస్త ఆగుదాం.

[దృశ్యం: నా బావమరిది ఫైరింగ్ లైన్‌లో. టార్గెట్ ఏడు మీటర్ల దూరంలో.]

వీడు మా బావమరిది. ఇక్కడి సిటిజనే, నాలుగేళ్లుగా పిస్టల్ కాలుస్తున్నాడు. మొదటి తూటా నడిమధ్యలో పడింది. మిగతా నాలుగూ ఎడమ పక్కకి, కిందకి జారాయి. తుపాకీలో తేడా ఉందన్నాడు. సరే అని సిలిండర్ నేను నింపాను. మూడు అసలు తూటాలు, రెండు స్నాప్ క్యాప్‌లు, అంటే పేలని డమ్మీలు. ఏది ఎక్కడుందో వాడికి తెలియదు.

[దృశ్యం: క్లోజప్. డమ్... డమ్... టిక్.]

ఆ "టిక్" దగ్గర ఆపి చూడండి. తూటా పేలలేదు. అయినా తుపాకీ మూతి రెండు అంగుళాలు కిందకి దిగింది. మణికట్టు ముందే బిగుసుకుని తోసేసింది, కళ్లు గట్టిగా మూసుకున్నాయి. వాడు అన్న మాట: "బావా, నేను కదలకుండానే పట్టుకున్నా అనుకున్నానే!" నిజమే చెప్పాడు. వాడికి తెలియకుండానే జరిగింది. మామూలుగా ఆ కదలికని తూటా చప్పుడు, కుదుపు కప్పేస్తాయి. డమ్మీ ఒక్కటే దాన్ని బయటపెడుతుంది.

దీనికి మందు ఇంకా ఎక్కువ మ్యాగ్నమ్‌లు కాల్చడం కాదు. మెత్తటి .38 స్పెషల్‌తో మొదలుపెట్టండి. మధ్యమధ్యలో డమ్మీలు కలపండి. ట్రిగ్గర్ లాగడానికి దాదాపు ఐదు కిలోల బలం పడుతుంది, తుపాకీ బరువేమో ముప్పావు కిలో. వేలు కాస్త గుంజినా తుపాకీయే కదిలిపోతుంది. ముందు సైటు, అంటే బ్యారెల్ చివర గురి చూసే ముక్క, మీద చూపు నిలిపి, ఆపకుండా, ఒకే వేగంతో లాగుతూ పోవాలి. ఎప్పుడు పేలుతుందా అని ఎదురుచూడకూడదు. పొట్టి మ్యాగ్నమ్ మీద నాకున్న ప్రేమ అంతా ఇక్కడే ఉంది. పెద్ద తుపాకీ మన తప్పుల్ని చాలావరకు మింగేస్తుంది, ఇది ఒక్కటీ మింగదు. సైట్ల మధ్య దూరం పది సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే ఏడు మీటర్ల దగ్గర ఏడు సెంటీమీటర్ల తేడా. అలాంటి తుపాకీతో ఐదు తూటాలూ అరచేయంత చోట పడ్డ రోజు కలిగే సంతోషం వేరు.

[దృశ్యం: సిలిండర్ తెరిచి రాడ్ నొక్కితే మూడు కేసులు పడతాయి, రెండు ఇరుక్కుంటాయి.]

ఇంకొన్ని చిక్కులు. బ్యారెల్ పొట్టి కాబట్టి దాని కింద, పేలిన కేసుల్ని బయటికి తోసే ఎజెక్టర్ రాడ్ కూడా పొట్టి, పొడుగు మ్యాగ్నమ్ కేసుల్ని పూర్తిగా తోయలేదు. మూతి ఆకాశం వైపు పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టండి. .38లు చాలా కాల్చాక ఛాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రం) లోపల మసి ఒక ఉంగరంలా పేరుకుంటుంది, ఆ తర్వాత పొడుగు .357 సరిగ్గా దిగదు. బలవంతంగా తొయ్యొద్దు, బ్రష్‌తో తోమండి. బాగా తేలిక తుపాకీల్లో ఇంకోటి ఉంది: నాలుగు తూటాలు పేలేసరికి, ఆ కుదుపులకి ఐదోదాని బుల్లెట్ కేసులోంచి ముందుకి జారి, సిలిండర్ తిరగకుండా పట్టేయగలదు. కొత్త రకం తూటా కొన్నప్పుడల్లా నాలుగు కాల్చి, ఐదోది తీసి పొడవు చూడండి.

[దృశ్యం: మళ్లీ బావమరిది. గంట తర్వాత. కొత్త టార్గెట్.]

గంటసేపు .38లు, డమ్మీలు. ఇప్పుడు ఐదు మ్యాగ్నమ్‌లు. మొదటిది మధ్యలో. రెండోది దాని పక్కనే. మూడోది కిందకి పోయింది, వాడే "ఉలిక్కిపడ్డా బావా" అన్నాడు, టార్గెట్ చూడకముందే. కాసేపు తుపాకీ దించి, ఊపిరి తీసుకుని, మిగతా రెండూ కాల్చాడు.

[దృశ్యం: టార్గెట్ క్లోజప్. నాలుగు రంధ్రాలు దగ్గరగా, ఒకటి కింద.]