నీల్ దీవిలో ఆటో, స్కూటర్, సైకిల్: ఏది మేలు? (స్టూడియో చర్చ)

వ్యాఖ్యాత: నమస్కారం. అండమాన్ సీజన్ వచ్చింది, ఆటో రేట్ల గొడవా వచ్చింది. నీల్ దీవి, 2018 డిసెంబరు నుంచి షహీద్ ద్వీప్. అక్కడ కారు అద్దెకు తీసుకోకుండా తిరగడం ఎలా? ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. మొదటి ప్రశ్న: ఆటోవాళ్లది దోపిడీయా, కాదా?

సైక్లిస్టు: ఆ ప్రశ్నే తప్పండీ. జెట్టీ నుంచి భరత్‌పూర్ బీచ్ అర కిలోమీటరు. లక్ష్మణ్‌పూర్ రెండు. బాగా దూరమంటే సీతాపూర్, అదీ ఐదే. నింపాదిగా తొక్కినా అరగంట. దీనికి ఆటో ఎందుకు, స్కూటర్ ఎందుకు?

ట్రిప్ ప్లానర్: సామాను సంగతి...

సైక్లిస్టు: సామాను హోటలుకు పంపించేయండి! మొదటి ఆటో దానికే, అక్కడితో సరి.

ట్రిప్ ప్లానర్: నన్ను చెప్పనివ్వండి సార్. అక్కడ లెక్క దూరంది కాదు, టైముది. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో రాతి వంతెన ఉంది. దాని దాకా నడవాలంటే పాటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడే. అది రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ తొమ్మిదింటికి పాటైతే ఎల్లుండి పదిన్నర దాటుతుంది. పైగా అష్టమి, నవమి రోజుల్లో నీళ్లు అంతగా వెనక్కి పోవు. అమావాస్యకూ, పౌర్ణమికీ బాగా తీస్తాయి.

వ్యాఖ్యాత: అష్టమి నాడు ప్రయాణం వద్దంటారు, అందుకేనా?

ట్రిప్ ప్లానర్: దానికీ దీనికీ సంబంధం లేదండీ. పొద్దున ఆరింటికే పాటు వచ్చిందనుకోండి. సూర్యోదయం తూర్పున సీతాపూర్‌లో, వంతెన పడమట. సైకిల్ మీద రెండూ అందవు. ఆ రోజుకు ఆటోయే. ఎక్కేముందే మూడు తేల్చుకోవాలి: ఏ చోటు తర్వాత ఏ చోటు, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, వెయిటింగ్ కలిపేనా. లక్ష్మణ్‌పూర్ ఒకటా, రెండా అన్నది కూడా చెప్పాలి. ఒకటో దాంట్లో సూర్యాస్తమయం, రెండో దాంట్లో వంతెన. ఉత్త ‘లక్ష్మణ్‌పూర్’ అంటే తప్పు చోట దిగుతారు.

వ్యాఖ్యాత: వెయిటింగ్ పేరుతో దోపిడీ అన్నమాట!

ట్రిప్ ప్లానర్: నేనలా అనలేదు.

వ్యాఖ్యాత: సరే. భరతుడు, లక్ష్మణుడు, సీత పేర్లున్నాయి, ఆ వంతెనకు రామసేతు అని పెట్టలేదేం?

సైక్లిస్టు: తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలవాళ్లండీ అక్కడ. వాళ్లు దాన్ని హౌరా బ్రిడ్జ్ అంటారు. అసలు విషయానికొస్తే, సైకిల్...

బీమా సర్వేయరు: నాకో నిమిషం ఇస్తారా? స్కూటర్ తీసుకునేవాళ్లు నంబరు ప్లేటు చూడాలి. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. అద్దెకిచ్చే పెట్రోలు బండికి నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుని పడేస్తే బండి నష్టానికి క్లెయిము నిలవడం కష్టం. ఆ ఖర్చు మీ మీదే...

సైక్లిస్టు: చూశారా! ప్లేటూ లేదు, లైసెన్సూ లేదు, పెట్రోలూ లేదు. సైకిలే!

బీమా సర్వేయరు: నా మాట పూర్తి కాలేదు. బండి తీసుకునేటప్పుడే గీతలన్నిటికీ ఫొటోలు...

సైక్లిస్టు: సైకిల్‌కూ చూసుకోవాలి. రెండు బ్రేకులూ నొక్కి చూడాలి. చక్రం గాల్లో తిప్పి చూడాలి, వంకర ఉంటే రిమ్ బ్రేకుకు రాసుకుంటుంది. పెడల్ వెనక్కి తిప్పితే చైను జారకూడదు. సీటు కిందకుంటే పది నిమిషాల్లో మోకాళ్లు పట్టేస్తాయి. ముందు అరగంట తొక్కి చూశాకే రోజంతటికీ మాట్లాడుకోండి.

ట్రిప్ ప్లానర్: మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లలతోనా?

సైక్లిస్టు: మధ్యాహ్నం ఎవరు తిరగమన్నారు? పొద్దున తొమ్మిదిలోపు, మళ్లీ మూడు తర్వాత.

ట్రిప్ ప్లానర్: మూడు తర్వాత మిగిలేదెంత సార్? మన గడియారం లెక్క కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. నీల్ ఇంకా తూర్పున, 93 డిగ్రీల దగ్గరుంది. డిసెంబరులో ఐదింటికల్లా పొద్దు గుంకుతుంది. లక్ష్మణ్‌పూర్ నుంచి తిరిగొచ్చేది చీకట్లోనే.

సైక్లిస్టు: తలకు టార్చి కట్టుకోండి! రెండు కిలోమీటర్లకు...

వ్యాఖ్యాత: ఆ చీకట్లోనే ఆటోవాళ్లు ఎక్కువ అడుగుతారు, దోపిడీ అక్కడే కదా?

ట్రిప్ ప్లానర్: వెళ్లేటప్పుడే రానూపోనూ మాట్లాడుకుంటే ఆ బాధ లేదండీ. మూడోసారి చెబుతున్నాను.

వ్యాఖ్యాత: బీమా సార్, మీకు అర నిమిషం ఉంది.

బీమా సర్వేయరు: హెల్మెట్ పిల్లియన్‌కు కూడా...

సైక్లిస్టు: ఒక్క మాట, ఒక్క మాట! వంతెన దగ్గర పగడపు రాళ్లు కత్తుల్లా ఉంటాయి, పైన పాకుడు. హవాయి చెప్పులతో నడిస్తే జారతారు. మడమకు పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి, తొక్కడానికీ అవే పనికొస్తాయి. ఇంకోటి, పంక్చరైతే...

వ్యాఖ్యాత: విరామం తర్వాత ఫెర్రీ టికెట్ల దోపిడీ!

సైక్లిస్టు: ...నెట్టుకుంటూ రండి, అంతేగానీ గాలిలేని టైరు మీద తొక్కొద్దు, ట్యూబు వాల్వు దగ్గర చిరిగి...