'ది వియత్నాం వార్' రివ్యూ: వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది, సాక్షులు ఇంకొకటి చెబుతారు

అందరికీ నమస్కారం. ఈ వారం రివ్యూకి తీసుకున్నది సినిమా కాదు, పది ఎపిసోడ్ల డాక్యుమెంటరీ. అన్నీ కలిపితే దాదాపు 18 గంటలు. పేరు 'ది వియత్నాం వార్'. కెన్ బర్న్స్, లిన్ నోవిక్ ఇద్దరూ కలిసి తీశారు. పూర్తి చేయడానికి పదేళ్లు పట్టింది. 2017 సెప్టెంబర్‌లో అమెరికాలో పీబీఎస్ అనే పబ్లిక్ టీవీలో వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తప్పకుండా చూడండి. కానీ ఇందులో కెమెరా ముందు కూర్చుని మాట్లాడే మనుషులను నమ్మినంతగా, వెనక నుంచి వినిపించే వ్యాఖ్యానాన్ని నమ్మకండి.

ఎందుకంటే మొదటి ఎపిసోడ్ మొదట్లోనే ఒక మాట వస్తుంది. ఈ యుద్ధాన్ని మంచివాళ్లే, మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టారని, అపార్థాల వల్ల, అతి నమ్మకం వల్ల, ప్రచ్ఛన్న యుద్ధం నాటి తప్పుడు అంచనాల వల్ల ఇలా అయిందని వ్యాఖ్యానం చెబుతుంది. సిరీస్ వచ్చిన కొత్తలో అమెరికాలో చరిత్రకారులు ఎక్కువగా గొడవపడింది ఈ మాట మీదే. వాళ్ల కోపం న్యాయమైనదని నేను అనుకుంటున్నాను. బయటి పుస్తకాలు తెచ్చి వాదించక్కర్లేదు. ఈ సిరీస్‌లోనే ఉన్న టేపులు, ఫైళ్లు, సాక్షులు ఆ మాటను నిలబడనివ్వరు.

ఎలాగో చూద్దాం. 1964 మే నెల. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ సంభాషణ రికార్డ్ అయింది. ఈ యుద్ధం చేయదగ్గదని తనకు అనిపించడం లేదని, అయినా బయటపడగలమనీ అనిపించడం లేదని ఆయన స్వయంగా అంటాడు. అప్పటికి అక్కడ చనిపోయిన అమెరికన్లు కొన్ని వందల మందే. తర్వాత ఏడాది, 1965 మార్చిలో, అమెరికా మెరీన్ దళ సైనికులు దక్షిణ వియత్నాంలోని దనాంగ్ తీరంలో దిగారు. 1969 నాటికి అక్కడ 5 లక్షల 40 వేల మందికి పైగా అమెరికన్ సైనికులున్నారు. చివరికి 58,000 మందికి పైగా చనిపోయారు. వియత్నామీయుల ప్రాణాలైతే లక్షల్లో పోయాయి. 30 లక్షల వరకూ ఉంటుందని అంచనా.

ఇంకొకటి. అదే 1965 మార్చిలో రక్షణ శాఖలో జాన్ మెక్‌నాటన్ అనే పెద్ద అధికారి ఒక మెమో రాశాడు. మనం వియత్నాంలో ఎందుకున్నాం అన్నదానికి శాతాల లెక్క వేశాడు. అవమానకరమైన ఓటమి తప్పించుకోవడానికి 70 శాతం. దక్షిణ వియత్నాం చైనా చేతుల్లోకి పోకుండా ఆపడానికి 20 శాతం. అక్కడి ప్రజలు మెరుగైన, స్వేచ్ఛగల జీవితం గడపడానికి 10 శాతం. బయట ప్రసంగాల్లో మాత్రం ఆ 70 శాతం సంగతి అమెరికా ప్రజలకు చెప్పలేదు. ఇది అపార్థమా? తెలిసి చేసిన పనికి మంచి ఉద్దేశమని పేరు పెడితే, చనిపోయిన పిల్లల తల్లులకు ఏం సమాధానం చెప్పినట్టు?

సరే, సిరీస్ బలం ఎక్కడుందో చెప్తాను. బలమంతా మనుషుల్లో ఉంది. దాదాపు 80 మంది మాట్లాడతారు. అమెరికా మాజీ సైనికులు, కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం సైనికులు, దక్షిణాన వాళ్ల పక్షాన పోరాడిన వియత్‌కాంగ్ గెరిల్లాలు, అమెరికా అండ ఉన్న దక్షిణ వియత్నాం అధికారులు, జర్నలిస్టులు, యుద్ధాన్ని వ్యతిరేకించి వీధుల్లోకి వచ్చినవాళ్లు. హెన్రీ కిసింజర్, జాన్ కెర్రీ, జాన్ మెకెయిన్, జేన్ ఫోండా లాంటి పెద్ద పేర్లను మాత్రం కెమెరా ముందుకు తీసుకురాలేదు. అది కావాలనే తీసుకున్న నిర్ణయం, చాలా మంచి నిర్ణయం కూడా. సిరీస్ తీసే నాటికే వాళ్లంతా యాభై ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నారు కదా.

మాజీ సైనికుల్లో ముందుగా రోజర్ హారిస్ గురించి చెప్పాలి. బోస్టన్‌లోని రాక్స్‌బరీ అనే పేట నుంచి వెళ్లిన నల్లజాతి కుర్రాడు. మెరీన్‌గా కాన్ థియెన్ దగ్గర పోరాడాడు. రాత్రీపగలూ శతఘ్నుల గుండ్లు పడే చోటు అది. ప్రాణాలతో తిరిగొచ్చి బోస్టన్ ఎయిర్‌పోర్టు బయట, ఒంటిమీద యూనిఫాంతో నిలబడితే ఒక్క టాక్సీ కూడా ఆగలేదు. కారణం ఆయన రంగు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పెద్దగా పెరగదు. మనకు మాత్రం ఒళ్లు మండుతుంది.

అదే కాన్ థియెన్‌లో తీవ్రంగా గాయపడిన ఇంకొక మెరీన్ జాన్ మస్‌గ్రేవ్. వియత్నాంలో తాను చంపింది ఒక్క మనిషినే అంటాడు. ఆ మొదటి మనిషి తర్వాత, చంపేది మనుషుల్ని కాదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడట. శత్రువులకు పెట్టిన తిట్టుపేర్లు అందుకే పనికొచ్చాయంటాడు. లేకపోతే ఆ కుర్రాడు ఆ యుద్ధం చేయలేకపోయేవాడు. తర్వాత ఆయనే యుద్ధ వ్యతిరేక మాజీ సైనికుల్లో చేరాడు. సైన్యం మనిషిని ఎలా తయారు చేస్తుందో ఇంత నిజాయితీగా చెప్పిన సాక్ష్యం నేను ఎక్కడా వినలేదు. ఈయన కోసమే సిరీస్ చూడమన్నా చూడొచ్చు.

నాలుగో ఎపిసోడ్‌లో మోగీ క్రాకర్ అనే అబ్బాయి కథ ముగుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్ వాళ్లది. సైన్యంలో చేరతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. చివరికి తల్లిదండ్రులే సంతకం పెట్టారు. 1966 జూన్ 4న చనిపోయాడు. అప్పటికి 19 నిండి ఒక్క రోజు. వాళ్ల అమ్మ, చెల్లెలు మాట్లాడతారు. ఆ తల్లి ఎవరినీ తిట్టదు. ఆ సంతకం గురించి ఎన్నేళ్లు కుమిలిపోయి ఉంటుందో మనకే అర్థమవుతుంది. కడుపుకోతకు దేశం లేదు.

ఇప్పుడు అటువైపు. రచయిత బావో నిన్ ఉత్తర వియత్నాం సైన్యంలో ఆరేళ్లు పోరాడి ఇంటికి తిరిగొచ్చాడు. చుట్టుపక్కల ఇళ్లలో కొడుకులు రాలేదు. అందుకే వాళ్లకు వినపడకుండా, చప్పుడు చేయకుండా తల్లి ఏడ్చింది. గెలిచిన సైన్యంలోని మనిషి ఆయన. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని వాదించుకునేది ఎప్పుడూ యుద్ధం చేయనివాళ్లే అంటాడు. గెలుపును పండగలా జరుపుకునే దేశంలో ఉంటూ ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం ఆరో ఎపిసోడ్‌లో మళ్లీ కనిపిస్తుంది. 1968లో టెట్ అనే కొత్త సంవత్సరం పండగప్పుడు జరిగిన దాడుల్లో దక్షిణ వియత్నాంలోని హుయే నగరం కొన్ని వారాల పాటు కమ్యూనిస్టు సేనల చేతిలో ఉంది. ఆ తర్వాత సామూహిక సమాధుల్లో దాదాపు 2,800 శవాలు బయటపడ్డాయి. వియత్నాం ప్రభుత్వం దీన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఈ సిరీస్‌లో అటువైపు మాజీ సైనికులే అవును, జరిగింది అంటారు. ఒకాయనైతే దీనివల్ల తనకు ఇబ్బంది రావచ్చని, సినిమా తీసేటప్పుడు జాగ్రత్తగా ఉండమని దర్శకులకు కెమెరా ముందే చెబుతాడు. అమెరికా సైనికులు ఊరి జనాన్ని చంపిన మై లాయ్ గురించి అమెరికన్లు మాట్లాడితే దానికి చట్టాల రక్షణ ఉంది. ఈయనకు ఆ రక్షణ లేదు. అయినా నోరు విప్పాడు.

జర్నలిస్టుల దగ్గరికొస్తే, నీల్ షీహాన్ ఒక్కడు చాలు. 1962లో కుర్ర రిపోర్టర్‌గా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో దిగాడు. అమెరికా గెలవాలనే కోరుకుంటూ వెళ్లాడు. 1963 జనవరిలో అప్ బాక్ అనే ఊరి దగ్గర యుద్ధం జరిగింది. హెలికాప్టర్లు, కవచ వాహనాలు ఉన్న దక్షిణ వియత్నాం సేనను సుమారు 350 మంది గెరిల్లాలు నిలువరించారు. ఐదు హెలికాప్టర్లు కూలిపోయాయి. ముగ్గురు అమెరికన్లు చనిపోయారు. అమెరికన్ జనరల్ మాత్రం మనం గెలిచాం అన్నాడు. శవాలను కళ్లారా చూసొచ్చిన రిపోర్టర్లకు ఆ మాట మింగుడు పడలేదు. ప్రభుత్వం చెప్పేదానికీ అక్కడ జరిగేదానికీ మధ్య తేడా ఉందని రాయడం అక్కడి నుంచి ఊపందుకుంది. ఇదే షీహాన్ 1971లో పెంటగాన్ పేపర్లను బయటపెట్టాడు. రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న 7,000 పేజీల చరిత్ర అది. దాన్ని రహస్యంగా కాపీ తీసింది, అది రాసినవాళ్లలో ఒకడైన డేనియల్ ఎల్స్‌బర్గ్. ఇందాక చెప్పిన 70 శాతం మెమో అందులోదే.

జో గాలోవే గురించి కూడా ఒక మాట. 1965 నవంబర్‌లో ఇయా ద్రాంగ్ లోయలో యుద్ధం మధ్యలోకి వెళ్లిన రిపోర్టర్. తమ విమానాలే పొరపాటున వేసిన నాపామ్ అనే మంటల బాంబులో కాలిపోయిన సైనికుణ్ణి చేతులతో ఎత్తి మోశాడు. ఆ కుర్రాడు బతకలేదు. ఆ సంగతి చెబుతూ ఆయన ఆగిపోతాడు. ఎడిటింగ్‌లో ఆ మౌనాన్ని అలాగే ఉంచారు. అందుకు దర్శకులకు నా నమస్కారం.

ఇక పండితులు. ఇక్కడే నాకు అసంతృప్తి. విశ్లేషణ చేసే చరిత్రకారులను తెరమీదకు తీసుకురాకూడదని దర్శకులు అనుకున్నారు. చరిత్రకారులు సలహాదారులుగా వెనకే ఉండిపోయారు. చూసినవాళ్లు, చేసినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు మాత్రమే మాట్లాడాలి అన్నది నియమం. వినడానికి బాగుంది. కానీ దానివల్ల ఎందుకు జరిగింది అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పనంతా వ్యాఖ్యానం మీద పడింది. ఆ వ్యాఖ్యానమేమో ఎవరినీ నొప్పించకూడదని చూస్తుంది. ఇద్దరు చరిత్రకారులు ఎదురెదురుగా వాదించుకుని ఉంటే, ఆ మంచి ఉద్దేశం మాట ఒక్క నిమిషం కూడా నిలబడేది కాదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. దువాంగ్ వాన్ మై ఎలియట్. పెద్ద అధికారుల కుటుంబంలో పుట్టింది. అక్క ఫ్రెంచివాళ్ల మీద పోరాడిన కమ్యూనిస్టుల వియత్‌మిన్‌లో చేరి అడవులకు వెళ్లిపోయింది. ఈమె అమెరికా రక్షణ శాఖకు పరిశోధనలు చేసే రాండ్ సంస్థ తరఫున పట్టుబడిన వియత్‌కాంగ్ ఖైదీలతో మాట్లాడి పరిశోధన చేసింది. అంటే ఆమె సాక్షి, పరిశోధకురాలు కూడా. ఆమె మాట్లాడినప్పుడల్లా విషయం ఒక్కసారిగా తేటపడుతుంది. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు చెరో పక్కన నిలబడిన యుద్ధాన్ని ఒక దేశం మీద ఇంకో దేశం చేసిన దాడి అని మాత్రమే చెప్పలేం, ఉత్త అంతర్యుద్ధం అనీ చెప్పలేం. ఇలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉండాల్సింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. మాట్లాడేవాళ్లలో అమెరికన్లే ఎక్కువ. ఊళ్లు తగలబడిపోయిన మామూలు రైతుల గొంతు తక్కువ. దక్షిణ వియత్నాం సైనికులు రెండు లక్షలకు పైగా చనిపోయారు, కానీ వాళ్లకు దక్కిన సమయం చాలా తక్కువ. లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశారు. అది దాదాపు పక్కకే పోయింది. అడవుల మీద అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విషపు మందు వల్ల ఈ రోజుకీ బాధపడుతున్న కుటుంబాలకు ఇంకా చోటివ్వాల్సింది.

చూస్తున్నంతసేపూ నాకు మన సంగతి గుర్తొస్తూనే ఉంది. 1987లో శాంతి దళం పేరుతో మన సైన్యం శ్రీలంక వెళ్లింది. కాపాడతామని వెళ్లిన తమిళుల ప్రాంతంలోనే ఎల్‌టీటీఈతో యుద్ధం చేయాల్సి వచ్చింది. సుమారు 1,200 మంది మన జవాన్లు చనిపోయారు. అక్కడి తమిళ పౌరులు కూడా చనిపోయారు, మన సైన్యం మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగితే ఆనాటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. శ్రీలంక ప్రభుత్వం కొలంబో దగ్గర వాళ్లకు స్మారకం కట్టింది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న నేల మనది. ఆ యుద్ధం చేసినవాళ్లకు ఇప్పుడు అరవై దాటుంటాయి. మన జవాన్లు, జాఫ్నా తమిళులు, ఆనాటి రిపోర్టర్లు, దౌత్యాధికారులు, అందరినీ కూర్చోబెట్టి ఇలాంటి సిరీస్ ఎవరో ఒకరు తీయాలి. తీయగలిగినవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఆలస్యం చేయకండి.

ఇక ఎలా చూడాలో చెప్తాను. రోజుకు ఒక ఎపిసోడ్ కంటే ఎక్కువ చూడకండి, మనసు తట్టుకోదు. మొదటి ఎపిసోడ్ 1858లో ఫ్రెంచివాళ్ల రాకతో మొదలై నెమ్మదిగా నడుస్తుంది. చాలామంది దాన్ని వదిలేసి రెండో ఎపిసోడ్‌కి వెళ్లిపోతుంటారు. అలా చేయకండి. 1954లో దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్లు ఎందుకు ఓడిపోయారో తెలియకపోతే, అమెరికా అదే దారిలో ఎలా నడిచిందో అర్థం కాదు. ఆరు, ఎనిమిది ఎపిసోడ్లు పిల్లలతో కలిసి చూసేవి కావు. సైగాన్ వీధిలో ఖైదీని కాల్చిన ఫుటేజ్, మై లాయ్ ఫొటోలు వాటిలోనే వస్తాయి. వియత్నామీయులు మాట్లాడేటప్పుడు సబ్‌టైటిల్స్ చదువుతూ ఫోన్ చూడకండి, వాళ్ల ముఖాలు చూడండి. టైమ్ లేదు, మూడే చూడగలం అంటే మూడు, ఆరు, తొమ్మిది చూడండి. మూడులో యుద్ధంలోకి ఎలా దిగారో ఉంటుంది, ఆరులో టెట్, తొమ్మిదిలో మాజీ సైనికులు తమ పతకాలను అమెరికా పార్లమెంటు మెట్ల మీదకు విసిరేస్తారు.