'వెళ్ళానులేదు' అని ఎవరైనా అంటారా?
సింపుల్ పాస్ట్ టెన్స్ గురించి ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

పేరులోనే సింపుల్ అని ఉంది కదా అని చాలామంది ఈ పాఠాన్ని మొదటి వారంలో చదివేసి పక్కన పెడతారు. తీరా నోరు విప్పితే 'ఐ డిడ్ నాట్ వెంట్' అని వస్తుంది. గో–వెంట్–గాన్ అని పట్టిక బట్టీ పట్టాం గానీ, వాక్యంలో ఆ వెంట్ చేసే పనేమిటో ఎవరూ చెప్పలేదు. ఈ రోజు పట్టిక జోలికి ఎక్కువగా పోను.

ముందు ఆ డిడ్ సంగతి తేల్చుకుందాం. 'నేను నిన్న వెళ్ళాను' అంటాం. కాదని చెప్పాలంటే 'వెళ్ళలేదు' అంటాం. 'వెళ్ళానులేదు' అని చిన్నపిల్లలు కూడా అనరు. జరిగిపోయిన కాలాన్ని 'లేదు' మోస్తోంది కాబట్టి ముందున్న క్రియ 'వెళ్ళ' అని ఊరుకుంది. ఇంగ్లీషులోనూ ఇదే పద్ధతి. 'ఐ వెంట్' అన్నప్పుడు భూతకాలం వెంట్‌లో ఉంది. 'ఐ డిడ్ నాట్ గో' అన్నప్పుడు అది డిడ్‌లోకి వెళ్ళిపోయింది, కాబట్టి క్రియ మళ్ళీ గో అయింది. ప్రశ్నలోనూ అంతే: 'డిడ్ యు గో?' భూతకాలం గుర్తు ఒక్కచోటే ఉండాలి. 'డిడ్ యు వెంట్' అనడం 'వెళ్ళానులేదు' అనడం లాంటిదే.

రెండుచోట్ల మాత్రం డిడ్ అక్కర్లేదు. వాజ్, వర్ తమ ప్రశ్నను తామే అడుగుతాయి: 'వాజ్ షి ఎట్ హోమ్?' ఇక పని చేసింది ఎవరు అని అడిగేటప్పుడు 'హూ కేమ్?' అంటే చాలు, 'హూ డిడ్ కమ్' అనరు.

ఇంకో తేడా చూడండి. మన క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది: వచ్చాను, వచ్చావు, వచ్చింది. అందుకే 'నిన్న వచ్చాను' అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే కేమ్. వచ్చింది ఎవరో ఆ క్రియ చెప్పలేదు కాబట్టి ఐ, షి, దే అనేవి మానేయడానికి వీల్లేదు. మనుషుల్ని బట్టి మారేది వాజ్–వర్ ఒక్కటే.

అసలు చిక్కు అర్థంలో ఉంది. 'చూశాను' అన్న మన ఒక్క మాట ఇంగ్లీషులో రెండు దారులు పడుతుంది: 'ఐ సా', 'ఐ హావ్ సీన్'. ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను ఒకటే అడగమంటాను: ఆ సమయం తలుపు మూసేసిందా? నిన్న, పోయిన ఏడాది, 1969లో, చిన్నప్పుడు... ఇవన్నీ మూసిన తలుపులే. అక్కడ సింపుల్ పాస్ట్ తప్ప ఇంకొకటి పట్టదు. 'నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాక్డ్ ఆన్ ద మూన్ ఇన్ 1969.' 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అన్నామంటే తెరిచిన తలుపునూ మూసిన తలుపునూ ఒకే వాక్యంలో పెట్టినట్టు. వెన్ అని అడిగినా సమయాన్నే అడుగుతున్నాం, కాబట్టి 'వెన్ డిడ్ యు సీ హిమ్?' అనే రావాలి. ఎప్పుడన్నది ముఖ్యం కాక, చూసిన అనుభవం ఉందా లేదా అన్నదే విషయమైతే 'ఐ హావ్ సీన్' సరే.

మనలో కొందరికి హ్యాడ్ మీద మహా మోజు. 'యెస్టర్డే ఐ హ్యాడ్ గాన్ టు ద బ్యాంక్' అంటే గంభీరంగా ఉంటుందనుకుంటారు. జరిగిపోయిన ఒక సంగతి కంటే ముందే మరొకటి జరిగిపోయిందని చెప్పాల్సినప్పుడే హ్యాడ్ పని: 'వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్.' ఉత్తి బ్యాంకు ప్రయాణానికి వెంట్ చాలు.

క్రియ చివర చేరే ఈ, డీ అక్షరాల్ని ఎలా పలకాలి? వాకెడ్, లాఫెడ్ అని అక్షరాలన్నీ పలికితే వినేవాళ్ళు తడబడతారు. వాక్, లాఫ్, వాష్ లాంటి వాటి చివరి ధ్వనికి గొంతు అదరదు, అక్కడ 'ట్' వినిపిస్తుంది: వాక్ట్, లాఫ్ట్, వాష్ట్. రాత సంగతి వేరు. గొంతు అదిరే చోట 'డ్': ప్లేడ్, కాల్డ్. క్రియ చివరి ధ్వనే ట్ లేదా డ్ అయితేనే 'ఇడ్' విడిగా పలుకుతుంది: వాంటిడ్, నీడిడ్. గొంతు మీద వేలు పెట్టుకుని ఇంటికెళ్ళాక ప్రయత్నించండి, ఇక్కడ వద్దు.

క్రమం తప్పిన క్రియలంటే అందరికీ టెన్షన్. రోజూ ఎక్కువగా వాడేవే మొండికేశాయి: బి, హావ్, డు, సే, గో, గెట్, మేక్, సీ, కమ్. అదేం యాదృచ్ఛికం కాదు. ఇంగ్లీషులో పూర్వం ఇలా మారే క్రియలు ఇంకా ఎక్కువ ఉండేవి. హెల్ప్‌కి భూతకాలం ఒకప్పుడు హోల్ప్. అరుదుగా వాడిన చాలా క్రియల పాత రూపాలను జనం మరిచి మామూలు దారిలో పెట్టేశారు. నాలుక మీద ఎప్పుడూ ఆడేవి మాత్రం ఎక్కువగా మారకుండా మిగిలాయి. కొత్తగా పుట్టే క్రియలు మామూలు దారిలోనే నడుస్తున్నాయి, గూగుల్ చేస్తే గూగుల్డ్. కాబట్టి భయపడాల్సిన జాబితా పెరగడం లేదు. సింగ్–స్యాంగ్, రింగ్–ర్యాంగ్, డ్రింక్–డ్ర్యాంక్ అని గుంపులుగా నేర్చుకోండి. కట్, పుట్, హిట్ మారనే మారవు. రీడ్ రాతలో మారదు, పలికేటప్పుడు రెడ్ అవుతుంది.

మరో సంగతి, ఇది నాకు చాలా ఇష్టం. సింపుల్ పాస్ట్ ఎప్పుడూ గతాన్నే చెప్పదు. 'ఇఫ్ ఐ న్యూ హిస్ నంబర్, ఐ వుడ్ కాల్ హిమ్' అన్నప్పుడు న్యూ భూతకాల రూపమే, మాట్లాడుతున్నది మాత్రం ఇప్పటి గురించి. నంబర్ తెలియదు, అంతే. వింతగా ఉందా? మనమూ 'తెలిస్తే చెప్పేవాణ్ణి' అంటాం. ఆ 'చెప్పేవాణ్ణి' ఒకప్పటి అలవాటును చెప్పే రూపం, దాన్నే లేని సంగతికి వాడుకుంటున్నాం. మర్యాదకూ ఇదే పనికొస్తుంది. పై అధికారి గదిలోకి వెళ్ళి 'ఐ వాంట్' అంటే మొరటుగా ఉంటుంది, 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్' అంటే మెత్తగా ఉంటుంది. మనం 'ఒక మాట అడుగుదామని వచ్చాను' అంటూ గుమ్మంలో నిలబడతాం కదా, అదే ధోరణి.

ఇక మీరు అడగండి.