మెకార్తీ చేతిలోని కాగితం

[తెరపై: వీలింగ్, వెస్ట్ వర్జీనియా, అమెరికా. 1950 ఫిబ్రవరి 9]

రిపబ్లికన్ మహిళల క్లబ్ సభ. విస్కాన్సిన్ రాష్ట్ర రిపబ్లికన్ సెనేటర్ జో మెకార్తీ తన చేతిలో ఓ జాబితా ఉందన్నాడు. విదేశాంగ శాఖలో పనిచేస్తున్న కమ్యూనిస్టుల జాబితా! ఎంతమంది? 205 అని అక్కడి పత్రిక రాసింది. ఒకట్రెండు రోజుల్లోనే అది 57 అయింది. అదే నెల 20న సెనేట్‌లో మాట్లాడేసరికి 81. కూరగాయల బండి దగ్గర కూడా లెక్క ఇంత తొందరగా మారదు.

అయినా జనం నమ్మారు. ఎందుకంటే కమ్యూనిస్టులంటే భయం అప్పటికే ఉంది. 1949లో సోవియట్ యూనియన్ అణుబాంబు పేల్చింది, చైనా మావో చేతికి వచ్చింది. వీలింగ్ సభకు వారం ముందే, అణు రహస్యాలు సోవియట్ యూనియన్‌కు చేరవేశాడని క్లాస్ ఫుక్స్ అనే శాస్త్రవేత్త లండన్‌లో అరెస్టయ్యాడు. ఇంకో మాట. ప్రభుత్వ ఉద్యోగుల విధేయత మీద విచారణలు 1947లోనే మొదలయ్యాయి. మొదలుపెట్టింది ఎవరో కాదు, డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్.

[తెరపై: సెనేట్ కమిటీ గది]

మెకార్తీ ఆరోపణలు తేల్చడానికి డెమోక్రాట్ సెనేటర్ టైడింగ్స్ అధ్యక్షతన ఓ కమిటీ వేశారు. జూలైలో నివేదిక వచ్చింది: ఇదంతా మోసం, బూటకం అని. కానీ కింద సంతకాలు చూడండి. ముగ్గురు డెమోక్రాట్లు పెట్టారు, ఇద్దరు రిపబ్లికన్లు పెట్టలేదు. అక్కడే ఆ నివేదిక విలువ సగం పోయింది.

ఆ నవంబర్‌లోనే మేరీల్యాండ్‌లో టైడింగ్స్ ఎన్నిక. ప్రత్యర్థి తరఫున నాలుగు పేజీల కరపత్రం ఒకటి ఇంటింటికీ వెళ్లింది. అందులో ఓ ఫొటో. కమ్యూనిస్టు పార్టీ మాజీ నాయకుడు అర్ల్ బ్రౌడర్, పక్కనే శ్రద్ధగా వింటున్న టైడింగ్స్. నిజానికి అవి రెండు వేర్వేరు ఫొటోలు, పక్కపక్కన అతికించారు. ఇప్పుడు మనం మార్ఫింగ్ అంటామే, అదే. అతికించిన ఫొటో అని కింద రాశారు కూడా, కానీ ఫొటో చూశాక ఆ అక్షరాలు ఎవరికి కావాలి? 1927 నుంచి సెనేటర్‌గా ఉన్న మనిషి ఓడిపోయాడు. మిగతా సెనేటర్లకు విషయం అర్థమైంది.

రిపబ్లికన్లలో ఎదురు మాట్లాడినవాళ్లు లేరా? ఉన్నారు. 1950 జూన్‌లోనే సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్ సొంత పార్టీవాడైన మెకార్తీని, పేరెత్తకుండా, సెనేట్‌లో కడిగేసింది. ఆమెతో కలిసి వచ్చింది ఆరుగురే. 1952లో అధ్యక్ష అభ్యర్థి ఐసెన్‌హోవర్‌దీ ఇదే ఇబ్బంది. ఐసెన్‌హోవర్‌ను సైన్యంలో పైకి తెచ్చిన జనరల్ మార్షల్‌ను మెకార్తీ తిట్టిపోశాడు. మార్షల్‌ను మెచ్చుకుంటూ ప్రసంగంలో రాసుకున్న మాటల్ని, విస్కాన్సిన్ వెళ్లేసరికి ఐసెన్‌హోవర్ తీసేశాడు. అక్కడి ఓట్లు కావాలి మరి.

[తెరపై: 1954, నలుపు తెలుపు టీవీ]

రిపబ్లికన్లు గెలిచారు. అధికారం తమదే. మెకార్తీ మాత్రం ఆగలేదు, ఇప్పుడు సైన్యం మీద పడ్డాడు. అంటే సొంత ప్రభుత్వం మీదే! విచారణ టీవీలో లైవ్‌గా వచ్చింది. అతని తీరు జనం ఇంట్లో కూర్చుని చూశారు.

డిసెంబర్ 2న అతన్ని ఖండిస్తూ సెనేట్ 67-22తో తీర్మానం చేసింది. ఓటేసిన డెమోక్రాట్లందరూ ఒకవైపే. రిపబ్లికన్లు సరిగ్గా సగానికి చీలారు, 22-22.

తీర్మానంలో రాసిన నేరాలేంటంటే: ఒక సెనేట్ ఉపసంఘానికి సహకరించకపోవడం, తన మీద విచారణ జరిపిన కమిటీని దూషించడం. జాబితా గురించి ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఆరోపణలతో ఉద్యోగాలు పోయినవాళ్ల గురించీ లేదు.